గేటు దాకా పసుపు తీగ

ఆ ఏడు మా ఇంట్ల పసుపు ఊకె అయిపోయేది. కూరకెంత పడుతుంది? చిటికెడు. అయినా ఎప్పుడు డబ్బా మూత తీసినా అడుగు కనబడేది. మాది చండ్రుగొండ దాటినంక అడవి అంచున ఉండే ఊరు. నేను పక్క ఊరి బడిల టీచర్ని. మా ఆయనకు సత్తుపల్లి దిక్కు బొగ్గు గనిల షిఫ్టు డ్యూటీ. పొద్దంతా ఇంటి కాడ ఉండేది మా అత్తమ్మ ఒక్కతే, కాబట్టి ఆ పసుపు ఎటు పోతున్నదో ఆమెనే చెప్పాలె.

అడగాల్సిన పని కూడా లేకపాయె, ఇల్లంతా కనబడుతనే ఉండె. శుక్రవారం గడపకు పసుపు రాసుడు ప్రతి ఇంట్ల ఉన్నదే. మా అత్తమ్మ మంగళవారం కూడా రాసేది, తర్వాత బుధవారం, తర్వాత వారం వర్జ్యం ఏమీ లేదు. గడప అయినంక మెట్ల అంచులకు మొదలుపెట్టింది. ఆ తర్వాత నీళ్ల కుండ మెడకు, బోరింగు పిడికి, బట్టలారేసే దండేనికి, గేటు స్తంభానికి. నాకు నవ్వొచ్చేది. ఇగ బర్రెకు కూడా పూస్తవా అత్తమ్మా అని ఒకరోజు ఎకసెక్కమాడిన. ఎందుకు పూయొద్దు, అది లక్ష్మి కాదా అని ఆ సాయంత్రమే దాని కొమ్ములకు పట్టించింది. బర్రె నాలుగు రోజులు పేరంటానికి పోయినట్టు తిరిగింది.

ఊళ్లె వాళ్లు ఊరుకుంటరా? ఏదో మొక్కు ఉన్నదని కొందరు, ఎవరో ఏదో చేయించిన్రు, దానికి విరుగుడని కొందరు. పక్కింటామె నన్ను పక్కకు పిలిచి, మీ అత్తకు మనసు బాగనే ఉన్నదా అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. మా అత్తమ్మను నేను ఎన్నైనా అంట, అది మా ఇద్దరి మధ్య సంగతి. బయటోళ్లు అంటే మాత్రం నేను పడ. ఆమెకు మనసు బాగుంది, మీకే పని లేదని చెప్పి వచ్చిన. వచ్చినంక నాకూ అనుమానం పట్టుకున్నది.

అది తీరింది ఖమ్మంల, కళ్ల దవాఖానాల. కంట్లె నలక పడ్డదని అత్తమ్మ చాన్నాళ్లు గులుగుతుంటె మా ఆయన సెలవు పెట్టి ఇద్దర్ని తీసుకపోయిండు. డాక్టరు ఎంతోసేపు చూసి, ఒక కంటి నరం ఎండిపోయింది, రెండోది ఎండిపోతున్నది, పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది నిలుపుకోడానికి చుక్కలు వేసుకోవాలె అన్నడు. ఇది ఇయ్యాల నిన్నటిది కాదు, మీకు తెల్వదా అని మా ఆయన్ని అడిగిండు. మా ఆయన మొహం చూడలేకపోయిన. అత్తమ్మ మాత్రం ఆ మాటలు ఎవరి గురించో అన్నట్టు చేతిసంచి సర్దుకుంటూ కూచున్నది.

తిరుగు బస్సుల కిటికీ పక్కన ఆమె, ఇటు నేను. తల్లాడ దాటినంక, నేనేమీ అడగకముందే చెప్పింది. చాలా రోజుల నుంచి గడప తన్నుకుంటున్నదట. శుక్రవారం మాత్రం తన్నుకోలేదట. ఎందుకా అని చూసుకుంటే, పసుపు రాసిన రోజు గడప తనంతట తానే ఎదురొస్తున్నదట.

"తెలుపు మబ్బుల కలిసిపోతది బిడ్డా. ఎరుపు నల్లగైతది. పసుపు ఒక్కటే ఉన్నకాడ ఉంటది."

ఇల్లంతా తనకు తోవ గీసుకున్నది మా అత్తమ్మ. ఎవరికీ చెప్పకుండ, ఎవర్నీ చెయ్యి పట్టమని అడగకుండ, డాక్టరు చెప్పేదాక ఆగకుండ. నల్ల బర్రె చీకట్ల తగలొద్దని కొమ్ములకు పూసింది. నేను భక్తి అనుకొని నవ్విన, ఊరు పిచ్చి అనుకున్నది. నాకు బస్సులనే ఏడుపొచ్చింది. దాని వెంబడే గర్వం కూడా వచ్చింది, గిట్లాంటి మనిషి ఇంటికా నేను కోడలుగ వచ్చింది అని. ఏడుస్తున్నవా అన్నది. దుమ్ము అన్న. కిటికీ నీ దిక్కు లేదుగదా అన్నది.

ఇంట్ల పని అంతా ఒక ఎత్తు, గేటు ఒక ఎత్తు ఆమెకు. మా ఇంటి ముందటి రోడ్డు మీదనే అడవి ఊళ్ల ఆడోళ్లు సంతకు పోతరు. తెల్లారగట్ల బయల్దేరి నెత్తి మీద చింతపండు, చీపుర్లు, కుంకుళ్లు, విస్తరాకుల కట్టలు పెట్టుకొని వస్తరు. మా గేటు పక్కన ఒక తిన్నె, తిన్నె మీద ఇసుకల కూచోబెట్టిన నీళ్ల కుండ. పెళ్లై వచ్చిన ఏటి నుంచి ఆ కుండ నింపేది మా అత్తమ్మనే. వసారా నుంచి బిందె చంకన పెట్టుకొని గేటు దాకా నడిచి, కుండ నింపి, వాళ్లొచ్చేదాక తిన్నె మీద కూచునేది. చిన్నప్పుడు వాళ్ల ఊళ్ల పక్కనే పెరిగింది కాబట్టి వాళ్ల భాష వచ్చు. వాళ్లతోటి ఆ భాషల మాట్లాడి నవ్వే నవ్వు మాతోటి ఎప్పుడూ నవ్వలే. ఏం మాట్లాడుకుంటరు అంటే, నీ గురించే అనేది.

ఆ గేటు దాకా పొయ్యే తోవే కష్టం. వసారా దిగితే ఎడమ పక్క ప్రహరీ గోడ గేటు దాకా పోతది, కుడి పక్క ఖాళీ, ఆ ఖాళీల బర్రె కొట్టం, దాని వెనక గడ్డివాము. గోడకు పొడుగునా పసుపు చారలు పూసింది. వానలు మొదలైనయి, ఒక్క రాత్రికి కడుక్కుపోయినయి. మళ్లీ పూసింది, మళ్లీ పోయినయి. మా ఆయన పసుపు రంగు డబ్బా తెచ్చి పెయింట్ వేయిస్త అన్నడు. పెయింట్ వాసనకు నాకు తలనొప్పి, నీళ్ల కుండ కాడ ఆ కంపేంది అని అత్తమ్మ వద్దన్నది. ఆమె వద్దంటే ఇగ అంతే.

గట్ల ఉండంగ ఒకరోజు గోదావరి అవతల నర్సరీల నుంచి మొక్కల ఆటో వచ్చింది. గులాబీలు, మందారాలు, క్రోటన్లు నింపుకొని మైకుల అరుసుకుంట తిరిగే ఆటో. అత్తమ్మ వసారాల బియ్యం చెరుగుతున్నది. నేను చూస్తుండంగనే చాట కింద పెట్టి లేచింది, గోడ పట్టుకోకుండ, కాలు తడుముకోకుండ సీదా పోయి ఆటో వెనక నిలబడ్డది. అన్ని ఆకుపచ్చల నడుమ ఒక కుండీల పసుపు తీగ ఉన్నది. ఆకులు గుండె ఆకారంల, నిండుగ, ఎండల బంగారం లెక్క మెరుస్తున్నయి. గోల్డెన్ ఐవీ అమ్మా అన్నడు ఆటో అతను. నిజానికి అది మనీప్లాంటు జాతిదే అయుంటదని తర్వాత మా బడిల సైన్సు సారు అన్నడు. పేరుతోటి మా అత్తమ్మకేం పని? ఆకు దగ్గర మొహం పెట్టి చూసింది. వేలితో రాసి, వేలు చూసుకున్నది. ఈ రంగు వానకు పోతదా అని అడిగింది. అతను నవ్వి, వాన పడితే ఇంకా మెరుస్తదమ్మా అన్నడు. బేరం కూడా ఆడలే. మా అత్తమ్మ బేరమాడకుండ కొన్న వస్తువు నా ఎరికల అదొక్కటే.

ఆ తీగను ఆమె పెంచిన తీరు చూడాలె. కుండీల ఉంచలే. కణుపు కణుపుకు కత్తిరించి పాత డబ్బాలల్ల నాటింది. సగం ముక్కలు మొదటి వానకే కుళ్లినయి, తిట్టుకుంట తీసి పారేసింది. మిగిలినవాటికి ఇసుక ఎక్కువ, మట్టి తక్కువ కలిపింది. వేళ్లు దిగినంక గోడ వెంబడి గేటు దాకా వరుసగ పెట్టింది. తీగ పట్టుకునేందుకు మా ఆయన గోడకు మేకులు కొట్టి కొబ్బరితాడు లాగిండు. ఆమె ఆ తాడుకు గోనెసంచి పేలికలు చుట్టి రోజూ తడిపేది. కణుపు కాడ పొడుచుకొచ్చే చిన్న వేరును వేలికొసతోటి వెతికి, తడి గోనె మీద ఆనించి, దారంతోటి వదులుగ కట్టేది. చూపుతోటి కాదు, అంతా చేతితోటే. బియ్యం కడిగిన నీళ్లు ఇదివరకు బర్రె కుడితిల పోసేటోళ్లం, ఇప్పుడు సగం తీగకు. బర్రె పాలు తగ్గించిందని నేను, నువ్వు చాయ తగ్గించుకో అని ఆమె.

ఆ గోడ మీద పొద్దటి ఎండ పడుతది, పొద్దు తిరిగినంక నీడ. ఆ తీగకు అదే కావాలెనేమో, రెండో వానకాలానికి గోడ గోడంతా ఎక్కింది. ఎక్కిన కొద్ది ఆకు పెద్దగైంది. కింద అరచేయంత, పైన తమలపాకుకు రెండింతలు. తెల్లారి సూర్యుడు ఆ ఆకుల మీద పడంగనే మా వాకిలంతా పసుపు వెలుగు. రోడ్డు మీద పొయ్యే బస్సుల నుంచి జనం తలలు బయటపెట్టి చూసేటోళ్లు. నా ఎడ్రసు అడిగినోళ్లకు పసుపు గోడ ఇల్లు అంటే చాలు. అడిగిన ప్రతి మనిషికి అత్తమ్మ తీగ ముక్క ఇచ్చింది. సంతకు పొయ్యే ఆడోళ్లు కూడా కొంగుల కట్టుకొని పోయిన్రు.

నాకు మాత్రం చూడాలనిపించేది తీగను కాదు, దాని పక్కన ఆమె నడకను. వంటింటి కిటికీల నుంచి కనబడేది. బిందె చంకన, రెండో చెయ్యి ఖాళీగ ఊపుకుంట, తల ఎత్తుకొని, పెండ్లి ఊరేగింపుల ముందు నడిచే మనిషి లెక్క పోయేది. గోడను ముట్టుకునేది కూడా కాదు. తెలియనోళ్లు చూస్తే ఆమెకు చూపు లేదని నమ్మరు. చుక్కలు వేస్తనే ఉన్నం, చూపు తగ్గుతనే ఉన్నది. మొహాలు పోయినయి, అన్నం మెతుకులు పోయినయి. గేటు మాత్రం పోలే.

ఆ తర్వాత ఎండకాలం ఒకటి వచ్చింది. మా దిక్కు ఎండలు కొత్త కాదు, కని ఆ ఏడు మిట్ట మధ్యాహ్నం నెత్తి మీది ఎండకు తీగ ఆకులు అంచులు మాడి, మధ్యల కాగితం లెక్క తెల్లబడి రాలుడు మొదలుపెట్టినయి. అత్తమ్మ రోజూ రాలినవి ఏరేది. మా ఆయన తక్కువ మాటల మనిషి. అమ్మ మీద ప్రేమ అంతా ఏదో ఒక పనిల చూపిస్తడు. సత్తుపల్లి పోయి నర్సరీల మీద కట్టే ఆకుపచ్చ నెట్టు తెచ్చిండు. తన సెలవు రోజంతా ఎర్రటి ఎండల నిలబడి, వెదురు గుంజలు పాతి, వసారా నుంచి గేటు దాకా తోవ మొత్తం మీద పందిరి లెక్క కట్టిండు. సాయంత్రానికి చేతులు బొబ్బలెక్కినయి. పందిరి కింద మాత్రం ఎంత చల్లగ ఉండెనో. అత్తమ్మ గుంజలు ఒక్కొక్కటీ తడిమి చూసుకొని, వచ్చినోళ్లందరికీ, నా కొడుకు నాకు పందిరి వేసిండు అని చెప్పుకున్నది.

తీగ కూడా తేరుకున్నది. ఆకులు మందంగ, నిండుగ కొత్తవి వేసింది. బలం పట్టింది అనుకున్నం అందరం. బాగ చూసుకుంటున్నరని మెచ్చుకున్నోళ్లే గని ఇంకో మాట అన్నోళ్లు లేరు.

అప్పుడే అత్తమ్మ గేటుకు పోవుడు మానింది. మోకాళ్లు గుంజుతున్నయి, కుండల నీళ్లు నువ్వే పొయ్యి అన్నది. వయసు గదా అనుకొని, బడికి పొయ్యేముందు నేనే నింపుతున్న. సంతకు పొయ్యే ఆడోళ్లు నీళ్లు తాగి, ఇంటి దిక్కు చూసి, ఏందని చేతితోటి సైగ చేసేటోళ్లు. మోకాళ్లని చూపించేదాన్ని. వాళ్లల్ల ఒక ముసలామె కట్ట దించి వసారా దాకా వచ్చి అత్తమ్మ పక్కన కూచొని పోయింది. ఆ రోజు అత్తమ్మ నవ్వలే. మోకాళ్లకు తైలం తెచ్చిన, రాసిన, ఆమె రాయించుకున్నది కూడా.

ఒంటిపూట బళ్లు అవి. ఒకరోజు మధ్యాహ్నం బస్సు దిగి వచ్చేసరికి గేటు కాడి నుంచే కనబడ్డది. అత్తమ్మ చంకన బిందె పెట్టుకొని పందిరి కింద సగం దూరం వచ్చి నిలబడ్డది. కుండ ఖాళీ అయుంటదని బయల్దేరినట్టున్నది. ఒక కాలు ముందుకు వేసి నేలను తడుముకుంటున్నది. తల అటూ ఇటూ తిప్పుతున్నది. గోడ ఎడమ పక్క ఉంటే ఆమె కుడి పక్కకు తిరిగి, పందిరి దాటి, కొట్టం దిక్కు పోయింది. బిందెల నీళ్లు చీర మీద పోతున్నయి. కొట్టం గుంజకు తగిలి ఆగింది. నేను ఉరికిన. నా అడుగుల చప్పుడు విని, బర్రెకు నీళ్లు పెడదామని వచ్చిన అన్నది. బర్రె మేతకు పోయి అప్పటికి ఎంతసేపైందో.

బిందె తీసుకొని కింద పెట్టిన. ఏందత్తమ్మా అన్న, అంతే అన్న. అత్తమ్మ తడిసిన చీర పిండుకున్నది.

"తీగ మంచిగనే ఉన్నది బిడ్డా. నాకే కనబడుతలేదు," అన్నది. "వాడికి చెప్పకు. ఎండల పడి కట్టిండు."

అప్పుడు గోడ దిక్కు చూసిన, మొదటిసారి చూసినట్టు. ఆకుపచ్చ నెట్టు కింద ఆకుపచ్చ గోడ. నీడకు తీగ రంగు మార్చుకున్నది. కొత్తాకులన్నీ ఆకుపచ్చ, పాతవాటి బంగారం మాసిపోయి చింతాకు రంగు. అంత పెద్ద మార్పు మా ఇంటి నడుమ జరుగుతుంటే, నాలుగు కళ్లు ఉన్న మేమిద్దరం బలం అనుకున్నం. కొడుకు చేతుల బొబ్బలు గుర్తుపెట్టుకొని ఆమె గేటును వదులుకున్నది. పెళ్లైన నాటి నుంచి నడిచిన తోవను, ఆ భాషల నవ్వే నాలుగు నవ్వులను వదులుకొని, నా చేత మోకాళ్లకు తైలం రాయించుకున్నది. ఇంత ఓపిక ఎక్కడ దాచుకుంటరో ఈ మనుషులు. నాకు కోపమూ వచ్చింది, కాళ్లు మొక్కాలనీ అనిపించింది.

చెప్పకు అంటే చెప్పకుండ ఉండే మనిషినా నేను? మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి బండి స్టాండు వేస్తుండంగనే చెప్పేసిన. ఆయన చెప్పులు విడువలే. టిఫిన్ డబ్బా కూడా దించలే. కొడవలి తీసుకొని ముడి ముడికి తాళ్లు కోసి నెట్టంతా కిందికి లాగిండు. మధ్యాహ్నం పూట మాత్రమే కప్పి, మిగతా పొద్దంతా చుట్టి పెట్టొచ్చని తర్వాత తాళ్లు మార్చి కట్టిండు. ఆ సాయంత్రం మాత్రం గోడ ముందట నిలబడి ఒక ఆకు తుంచి అటూ ఇటూ తిప్పి చూసిండు. ఈ ఆకులు మారవు, కొత్తవి వస్తే అవి పసుపుగ రావాలె అన్నడు. ఎన్నాళ్లు పడుతదో ఆయనకూ తెల్వదు, నాకూ తెల్వదు. అప్పటిదాక ఆమె ఎక్కడ నడవాలె?

నేను వంటింట్లకు పోయి పసుపు డబ్బా తెచ్చిన. పొద్దు వాలుతున్నది. పసుపు కొమ్ములు దంచి కొత్తగ నింపిన డబ్బా అది, నిండా ఉన్నది. బకెట్ల వేసి, కొంచెం నూనె పోసి, అంటుకునేటట్టు చిక్కగ కలిపిన. మా ఆయన నా మొహం చూసి, బట్ట పేలిక చింపి ఒకటి నాకిచ్చి ఒకటి తను తీసుకున్నడు. ఆయన పై ఆకులు, నేను కింది ఆకులు. ఒక్కొక్క ఆకును అరచేతిల పెట్టుకొని, గడపకు రాసినట్టు రాసినం. లోపల మంచం మీద రేడియో వింటున్న అత్తమ్మ, ఏం చేస్తున్నరని కేకేసింది. ఆకుల మీద దుమ్ము కడుగుతున్నం అన్న. మా ఆయన నవ్వు ఆపుకోలేక గోడ దిక్కు తిరిగిండు. ఆయన కళ్లల్ల నీళ్లు కూడా ఉన్నయి, చూడనట్టే ఊరుకున్న.

తెల్లారి నేను బోరింగు కాడ బిందె నింపి వసారా మీద పెట్టి, ఏమీ చెప్పకుండ పక్కకు జరిగిన. అత్తమ్మ మెట్టు మీదికి వచ్చింది. నిలబడ్డది. గోడ దిక్కు మొహం తిప్పి అట్లనే చాలాసేపు ఉన్నది. తర్వాత వంగి బిందె చంకన పెట్టుకొని దిగింది. కాలు తడుముకోలే. గేటు దాకా సీదా పోయి కుండ నింపింది. తిన్నె మీద కూచునే ముందు చెయ్యి చాపి ఒక ఆకు ముట్టుకున్నది, వేళ్లు ముక్కు కాడ పెట్టుకున్నది.

"కూరకు ఏమన్న ఉంచిన్రా?" అని అక్కడి నుంచే అడిగింది.

ఉంచలే అత్తమ్మా అన్న.

రోడ్డు మీద నెత్తిన కట్టలతోటి ఆడోళ్లు కనబడుతున్నరు. అత్తమ్మ వాళ్ల భాషల ఏదో కేకేసింది, వాళ్లందరూ ఒక్కసారి నవ్విన్రు. నా గురించే అయుంటది. ఆ రోజు మా ఇంట్ల పప్పు పసుపు లేకుండనే ఉడికింది. ముగ్గురం కూచొని తిన్నం.